పాత టేకు దూలాలా, కొత్త చెక్కా? కార్బన్ లెక్క ఎలా కట్టాలి?

రాజమండ్రిలో మా తాతగారి పెంకుటిల్లు విప్పేశాం. టేకు దూలాలు, ద్వారబంధాలు కలిపి దాదాపు 600 కిలోలు తేలాయి. దూలం కాస్త చిత్రిక పడితే చాలు, ఇప్పటికీ టేకు నూనె వాసన గుప్పుమంటోంది. హైదరాబాద్ ఇంటి తలుపులకు ఇదే వాడాలని నా పట్టుదల. మేస్త్రి మాత్రం "మేకులు తగిలి రంపం పళ్లు పోతాయండీ, అడితిలో కొత్తది తీసుకోండి" అంటున్నాడు.

ఏది వాడితే గాలిలోకి తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెళ్తుందో చూసి తేల్చుకుందామనుకుంటున్నా. ఎండు కలప బరువులో దాదాపు సగం కార్బనే. అంటే చెట్టు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్ కిలో కలపకి సుమారు 1.8 కిలోలు, దాని కార్బన్ అందులో దాగున్నట్టు. దీన్ని పాత చెక్కకు లాభంగా రాయాలా, లేక 400 కిలోమీటర్ల లారీ డీజిలు, కోత మిల్లు కరెంటు మాత్రమే లెక్కేయాలా? దిగుమతి టేకైతే ఓడ ప్రయాణం కూడా కలుస్తుంది కదా! చెక్క ముక్కల్ని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు తీసుకుంటే ఆ జిగురు లెక్క ఒకటి. ఇలా లెక్క కట్టినవాళ్లుంటే కాస్త చెప్పండి. లారీ మాట్లాడాలి, ఆదివారం లోపు తేల్చుకోవాలి.