సెప్టెంబరులో బ్రిటనీ తీరం: రైళ్లు, పోటు సమయాలు, శాకాహారం

కృష్ణాతీరం:
సెప్టెంబరు మూడో వారంలో పారిస్ నుంచి వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి ఐదు రోజులు. సాన్ మాలో, మోన్ సాన్ మిషెల్ (అఖాతంలో కొండ మీది మఠం), పెరోస్ గిరెక్ దగ్గరి గులాబీ గ్రానైట్ తీరం అనుకుంటున్నాం. ఇద్దరు శాకాహారులు, రెండేళ్ల పాప. కారు తప్పనిసరా? వానలెలా ఉంటాయి?

గాలిమర:
మంచి సమయమే ఎంచుకున్నారు. సెప్టెంబరు మొదట్లోనే అక్కడ బడులు తెరుస్తారు కాబట్టి ఆగస్టు రద్దీ తగ్గిపోతుంది, గదులు దొరుకుతాయి. పగలు 18–20 డిగ్రీలు, తెల్లవారుజామున 12 దాకా దిగుతుంది. సముద్రపు నీళ్లు 17 డిగ్రీల దగ్గర, అంటే మనవాళ్లకు చల్లనే. వాన ఒక జల్లు కొట్టి వెళ్తుంది, గంటలో ఎండ. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోట్ కొనుక్కోండి. ఆ వారంలో పొద్దు ఉదయం 8కి దగ్గరలో పొడిచి, సాయంత్రం 8 దాటాక గుంకుతుంది. పొద్దున్నే బయల్దేరే ప్లాన్ వేస్తే చీకట్లో నడవాలి.

బందరు_పోటు:
హోటల్ బుక్ చేసేముందు పోటు పట్టిక తెరవండి, మిగతావన్నీ దాని తర్వాతే. మన కోస్తాలో ఆటుకీ పోటుకీ తేడా మీటరున్నర దగ్గర ఆగుతుంది. సాన్ మాలో, మోన్ సాన్ మిషెల్ అఖాతంలో పెద్ద పోట్లప్పుడు 12 మీటర్లు దాటుతుంది. పట్టికలో సమయంతోపాటు 20 నుంచి 120 వరకు ఒక అంకె ఇస్తారు, 'కోఎఫిసియాన్' అంటారు. 45 అంటే బలహీనం, 70 మామూలు, 95 అమావాస్య పౌర్ణముల పోటు. సెప్టెంబరు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దగ్గర 110 దాటే రోజులు కూడా వస్తాయి. మనకు మహాలయ అమావాస్య వచ్చే కాలం కదా, అదే చంద్రుడు. అయితే అతి పెద్ద పోటు అమావాస్య నాడే రాదు, సుమారు ఒకటిన్నర రోజు తర్వాత వస్తుంది.

నీరు సమానంగా ఎక్కదు. ఆరు గంటల్లో మొదటి గంటకు పన్నెండో వంతు, రెండో గంటకు రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. 12 మీటర్ల పోటులో ఆ నడి రెండు గంటల్లో గంటకు 3 మీటర్లు లేస్తుంది. సాన్ మాలో కోట ఎదుట గ్రాన్ బే దీవికి ఇసుక మీదుగా కాలిబాట ఉంది, ఫ్రెంచి రచయిత షతోబ్రియాన్ సమాధి అక్కడే. ఆటు అట్టడుగుకు చేరిన గంటన్నరలోపు తిరిగి ఒడ్డెక్కండి. మొదటి గంటలో నీరు కదలనట్టే ఉంటుంది, మోసపోయేది అక్కడే. దారి మునిగితే దిగకండి, ప్రవాహం లాగేస్తుంది. దీవి మీదే సుమారు ఆరు గంటలు ఆగాలి.

ఇంకొకటి: కొన్ని అచ్చు పట్టికలు GMT+1లో ఉంటాయి, సెప్టెంబరులో అక్కడి గడియారం GMT+2. గంట కలపకపోతే లెక్కంతా తప్పుతుంది.

రెన్‌వాసి:
బందరు గారి మాటకు చిన్న చేర్పు. పెద్ద పోట్ల రోజుల్లో సాన్ మాలోలో పోటు ఉదయం, రాత్రి 8–9 గంటల ప్రాంతంలో, ఆటు మధ్యాహ్నం 3కి అటూ ఇటూ పడుతుంది. కాబట్టి గ్రాన్ బే మధ్యాహ్నం పెట్టుకోండి. మోన్ సాన్ మిషెల్ చుట్టూ నీళ్లు చూడాలంటే అంకె 110 దాటిన రోజు, పోటుకు రెండు గంటల ముందే చేరండి. అఖాతపు ఇసుకలోకి గైడ్ లేకుండా అడుగు పెట్టవద్దు, ఊబి ఉంటుంది.

కారు లేకుండా: పారిస్‌లోని మోంపర్‌నాస్ స్టేషన్ నుంచి బ్రిటనీలోని రెన్ నగరానికి టీజీవీ (హైస్పీడ్ రైలు)లో గంటన్నర. అక్కడి నుంచి సాన్ మాలోకి ప్రాంతీయ రైలు గంటలోపే. రెన్ స్టేషన్ పక్క బస్టాండు నుంచి మోన్ సాన్ మిషెల్‌కి బస్సు గంటా పావు. కారులో వెళ్తే కొండకు 2.5 కిలోమీటర్ల అవతలే పార్కింగ్, అక్కడి నుంచి ఉచిత బస్సు. పాపకు నాలుగేళ్లలోపు కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే రైలు టికెట్ అక్కర్లేదు.

కృష్ణాతీరం:
గులాబీ తీరానికి ఒక్క రోజు చాలా? దాని ఎదుటి సెట్ ఈల్ దీవుల్లో పఫిన్ అనే సముద్ర పక్షులు కనబడతాయా?

గాలిమర:
పఫిన్లు జులై చివరికల్లా సముద్రంలోకి వెళ్లిపోతాయి. సెప్టెంబరులో సెట్ ఈల్ పడవలెక్కితే గానెట్లనే పెద్ద తెల్ల సముద్ర పక్షులు కనబడతాయి. ఒక్క రోజు చాలదు, రెండు రాత్రులు ఉండండి. పెరోస్ గిరెక్‌లోని ట్రెస్ట్రావు బీచ్ నుంచి గులాబీ రాళ్లుండే ప్లూమనాక్‌కి కాలిబాట ఒకవైపు 4 కిలోమీటర్ల పైమాటే. రాళ్లకు అసలు రంగొచ్చేది సాయంత్రపు ఎండలో. స్ట్రోలర్ లైట్‌హౌస్ దగ్గర కొంత దూరమే నడుస్తుంది, మొత్తం దారికి వీపున మోసే క్యారియర్ కావాలి.

నెయ్యిదోశ:
తిండి గురించి. గాలెట్ అంటే బక్‌వీట్ పిండి, నీళ్లు, ఉప్పుతో పోసే అట్టు. 'కోంప్లేత్' అడిగితే గుడ్డు, చీజ్‌తో పాటు పంది హామ్ వస్తుంది. 'సాన్ జాంబోన్' అంటే హామ్ తీసేస్తారు. పెనానికి కొన్నిచోట్ల పందికొవ్వు రాస్తారు, అందుకని వెన్నతో కాల్చమని విడిగా చెప్పండి. పుట్టగొడుగులు, మేక చీజ్ రకాలు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వంటగదులు 12–2, 7–9 మధ్యే నడుస్తాయి, 2:15కి వెళ్తే చాలాచోట్ల లేదంటారు. పాపకు పండ్లు, పెరుగు సూపర్‌మార్కెట్‌లో కొని దగ్గర పెట్టుకోండి. మాంసాహారులు స్కాలప్స్ (సముద్రపు గుల్లలు) మీద ఆశ పెట్టుకోవద్దు, వేట అక్టోబరు 1న మొదలవుతుంది.

రెన్‌వాసి:
పెరోస్ గిరెక్‌కి మాత్రం కారే మేలు. రైల్లో దగ్గరి ఊరు లానియోన్ దాకా వెళ్లి బస్సు పట్టవచ్చుగానీ, సెప్టెంబరులో సర్వీసులు పలచబడతాయి, ఆదివారం మరీను. కారు రెన్‌లోనే అద్దెకు తీసుకోండి. చిన్న ఊళ్ల ఆఫీసులు మధ్యాహ్నం మూస్తారు. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఎంచుకోవాలి, అక్కడ మాన్యువల్ కార్లే ఎక్కువ. లైసెన్సుతోపాటు ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంచుకోండి. బ్రిటనీలో టోల్ రోడ్లు లేవు. వేగ పరిమితి పెద్ద రోడ్ల మీద గంటకు 110 కిలోమీటర్లు, వానలో 100, గీతతో విడదీసిన పల్లె రోడ్ల మీద మామూలుగా 80. ఊళ్లలో బోర్డు లేని కూడలి వస్తే కుడివైపు నుంచి వచ్చే బండికే దారి, అది చిన్న సందు అయినా సరే.