డెవ్ సర్వర్ అడ్రస్ యాప్ లోపల్నుంచే ఎట్ల తెలుసుకోవాలె?

ప్రశ్న (నల్గొండ): 5173 పోర్టు (అడ్రస్ చివర ఉండే నంబర్) ఖాళీ లేకుంటే వీట్ (Vite, వెబ్ యాప్ తయారుచేసేటప్పుడు వాడే టూల్) నడిపే డెవ్ సర్వర్ 5174కు పోతున్నది. కోడ్‌ల 5173 అని రాసిన లింకులు పనిచేస్తలేవు. నడుస్తున్న అడ్రస్ యాప్‌కు ఎట్ల తెలుస్తది అన్నా?

జవాబు (మహబూబ్‌నగర్): బ్రౌజర్‌ల నడిచే కోడ్‌కు విండో.లొకేషన్.ఆరిజిన్ చాలు తమ్మీ. ప్రోటోకాల్, హోస్ట్, పోర్టు మూడూ వస్తయి. అదే సర్వర్‌కు పోయే లింకైతే స్లాష్‌తో మొదలుపెట్టు, అడ్రస్సే అక్కర్లేదు.

జవాబు (మిర్యాలగూడ): నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) దిక్కు సర్వర్.అడ్రస్().పోర్ట్ వాడాలె. 'లిజనింగ్' ఈవెంట్ (సర్వర్ పోర్టు పట్టుకున్నదని చెప్పే సిగ్నల్) వచ్చినంకనే అడుగు, ముందే అడిగితే సర్వర్.అడ్రస్() నల్ (ఖాళీ) ఇస్తది. ఎక్కువమంది ఇక్కడనే ఆగిపోతరు. వీట్ ప్లగిన్‌ల అయితే సర్వర్.రిజాల్వ్‌డ్‌యూఆర్‌ఎల్స్ (resolvedUrls, నడుస్తున్న అడ్రస్‌లు) ఉంది, అది గూడ లిజన్ అయినంకనే నిండుతది.

జవాబు (మహబూబ్‌నగర్): ఫోన్ల చూడాలంటే --హోస్ట్ పెట్టి నడుపు. 0.0.0.0 కనబడితే దాన్ని లింకుల పెట్టకు, ల్యాప్‌టాప్ వైఫై ఐపీ పెట్టు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌ల (ల్యాప్‌టాప్‌లనే నడిచే నకిలీ ఫోన్) అయితే ల్యాప్‌టాప్ అడ్రస్‌గ 10.0.2.2 పెట్టు.