పరారీయా, ఫిరాయింపా? పిర్నా సైనికులకి ఏ మాట వాడాలి?

నమస్కారమండీ. పద్దెనిమిదో శతాబ్దపు ప్రష్యా (నేటి జర్మనీ ప్రాంతపు పాత రాజ్యం) సైన్యం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. సైన్యం విడిచి పోయినవాణ్ణి 'ఫిరాయింపుదారు' అని రాస్తే, పార్టీ మారిన ఎమ్మెల్యే గురించి చదువుతున్నట్టు ఉంది. ఇంకేదైనా మాట చెప్పగలరా?

— ఫిరాయించడం అంటే తిప్పడం, మార్చడం. 'ప్లేటు ఫిరాయించాడు' అంటాం కదా. ఒక పక్షం వదిలితే చాలదు, ఇంకో పక్షంలో చేరాలి. 1985 చట్టాన్ని ఫిరాయింపుల నిరోధక చట్టం అనడం అందుకే సరిపోయింది. రాత్రికి రాత్రి గుడారంలోంచి లేచి ఇంటికి పోయినవాడు ఎవరి పక్షానా చేరలేదు. వాడు పరారీ. ఈ మాట అరబ్బీ 'ఫిరార్' నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. మన 'పారిపోవు'కీ దీనికీ చుట్టరికం లేదు, చెవికి మాత్రం తోబుట్టువుల్లా వినిపిస్తాయి.

ప్రష్యా రాజు ఫ్రెడరిక్ భయమంతా ఈ పరారీల గురించే. అడవి పక్కన విడిది చెయ్యొద్దు, వీలైనంతవరకూ రాత్రి ప్రయాణాలు వద్దు, నీళ్ళకి, గడ్డికి వెళ్ళేవాళ్ళ వెంట అధికారి ఉండాలి, విడిది చుట్టూ హుస్సార్ రౌతులు గస్తీ తిరగాలి అని సేనానులకి రాసి ఇచ్చాడు. దొరికినవాణ్ణి రెండు వరసల సైనికుల మధ్య నడిపిస్తూ బెత్తాలతో కొట్టించేవారు. కొట్టేది సొంత పటాలం వాళ్ళే. నాకు చదవడమే కష్టమైంది.

— చాలా థాంక్స్ అండీ. అయితే అసలు చిక్కు పిర్నా దగ్గర వచ్చింది. అది ప్రష్యా పక్క రాజ్యమైన సాక్సనీలో ఒక ఊరు. 1756 అక్టోబరులో అక్కడ సాక్సనీ సైన్యం, సుమారు 18,000 మంది, తిండి లేక లొంగిపోయారు. ఫ్రెడరిక్ ఆ సైనికులచేత తనకి విధేయులమని ప్రమాణం చేయించి, పటాలాలకి పటాలాలనే తన సైన్యంలో కలిపేసుకున్నాడు. మరుసటి ఏడాది వాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్ళిపోయారు. చాలామంది మళ్ళీ సాక్సన్ దళంగా కూడి ప్రష్యాతో యుద్ధంలో ఉన్న ఫ్రెంచివాళ్ళ పక్షాన పోరాడారు. మీ లెక్కన వీళ్ళు ఫిరాయించినట్టేనా?

— కాదండీ. బెదిరించి చేయించిన ప్రమాణాన్ని పక్షం అనలేం. అధికారుల్లో ఎక్కువమంది ప్రమాణానికి ఒప్పుకోలేదు, వాళ్ళని పెరోల్ మీద వదిలారు. ఫ్రెంచిలో 'పరోల్' అంటే మాట. ప్రష్యా మీద కత్తి ఎత్తబోమని మాట ఇచ్చి వెళ్ళారన్నమాట. మాట ఇచ్చే అవకాశం అధికారికి దక్కింది, మామూలు సిపాయికి దక్కలేదు. ప్రష్యా దృష్టిలో ఆ సిపాయి పరారీయే. సాక్సనీ వాళ్ళు మాత్రం అతన్ని 'రెవెర్టెంట్' అన్నారు, తిరిగి వచ్చినవాడు అని. ప్రష్యా వాళ్ళు చెప్పే చోట 'పరారీ' ఉంచండి, మీరు చెప్పే చోట వద్దు.

— 'మరలి వచ్చినవారు' అని రాస్తున్నాను. మొదటిసారి వాడిన చోట పక్కనే 'రెవెర్టెంట్' కూడా ఇస్తాను.