అప్‌డేట్: కోళ్ల గూటి దగ్గర పడున్న ఒపోసమ్ సంగతి

పోయిన వారం అడిగాను కదా, టెక్సస్‌లో ఊరి బయట ఉన్న మా ఇంట్లో కోళ్ల గూటి దగ్గర ఒపోసమ్ (కంగారూలా పొట్టకి సంచి ఉండే, పిల్లంత జంతువు) చచ్చి పడుంది, మా కుక్క దాన్ని కరిచింది, రేబిస్ వస్తుందా, పాతిపెట్టేయాలా అని. అది చావలేదండీ!

పార పట్టుకుని వెళ్లేసరికి నోరు తెరిచి, పళ్లు బయటపెట్టి పక్కకి ఒరిగి ఉంది. కుళ్లు వాసన కూడా. పొట్ట దగ్గర ఏదో కదిలినట్టు అనిపించి వంగి చూస్తే, సంచిలోంచి సన్నటి తోక ఒకటి బయటికి కనిపించింది. లోపల పిల్లలు! నా చేతులు వణికాయి. "కుక్కని లోపల కట్టేసి కాసేపు ఆగండి" అని మీలో ఒకరు చెప్పారు, వాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రెండు గంటలకి ముందు చెవులు కదిలాయి. తర్వాత మెల్లగా లేచి కంచె కింద నుంచి వెళ్లిపోయింది.

అలా చచ్చినట్టు పడుండటం అది కావాలని చేసే నటన కాదు, భయానికి ఒళ్లు దానంతటదే అలా పడిపోతుంది. వీటికి రేబిస్ చాలా అరుదు. అయినా టెన్షన్ తట్టుకోలేక కుక్కకి రేబిస్ టీకా బూస్టర్ డోసు వేయించాను. ఇప్పుడు చీకటి పడకముందే గుడ్లు తీసేస్తున్నాను, గూటి చుట్టూ సన్న కన్నాల ఇనుప జాలీ కొట్టాను.