నిలువెల్ల విషమా, ఒడలెల్ల విషమా?

ల్యాబ్‌కోడలు: పేగుల్లో జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా మీద ఒక పిల్లల పత్రికకు వ్యాసం రాస్తున్నాను. మొదట్లో సుమతీ శతకంలోని ‘తలనుండు విషము ఫణికిని’ పద్యం చివరి పాదం పెడదామంటే ఒక్క మాట దగ్గర ఆగిపోయా. ‘ఖలునకు నిలువెల్ల’ అనా, ‘ఖలునకు నొడలెల్ల’ అనా? మా నాన్నగారు రెండోదే చదివేవారు.

తెనాలి మాస్టారు: నిలువెల్ల. ఇందులో చర్చ ఏముందమ్మా?

కందప్రియుడు: ఉంది మాస్టారూ. ‘నిలువె’ సగణం, ‘నొడలె’ కూడా సగణమే. యతి ఖ-గలకు, ప్రాస లకారానికి. ఏది పెట్టినా దేనికీ దెబ్బ తగలదు. ఒకదాంట్లో నకారం మాటదే, రెండోదాంట్లో ‘ఖలునకున్’ చివరి ద్రుతానిది. చెవికి తేడా తెలియాలంటే కాస్త ఆగి చదవాలి. అసలు పనితనం రెండో పాదంలో ‘వె’కు ‘వృ’తో యతి కుదర్చడంలో ఉంది, అదెవరూ చూడరు.

తెనాలి మాస్టారు: యతి అందరూ చూస్తారు నాయనా. అర్థం చూడు. నిలువు అంటే అరికాలి నుంచి నడినెత్తి దాకా. తల, తోక అని లెక్కపెట్టుకుంటూ వచ్చిన కవి ఆ కొలతే వాడతాడు. ఒడలు అంటే ఆ వరస తెగిపోతుంది.

ల్యాబ్‌కోడలు: నాకు కావలసిందీ అర్థమే. సాల్మొనెల్లా బయటి పొరలోనే ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది, పొర పొడుగునా. అది ఒడలెల్ల విషమే. కానీ నా వ్యాసం దాని సూది గురించి. లోపలి పొరనీ బయటి పొరనీ దాటి బయటికి పొడుచుకొచ్చే సూది. 1998లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దాని రూపం బయటపడింది. లోపలి రంధ్రం సుమారు 2.5 నానోమీటర్లే. బాక్టీరియా పంపే ప్రొటీన్ మడతలు విప్పుకుంటే గానీ అందులోంచి పోదు. పేగు కణంలో దిగాక ఆ కణానికి ఆకారమిచ్చే లోపలి అస్థిపంజరాన్నే కదిలిస్తుంది. పొర అలలుగా లేచి బాక్టీరియాను తనే లోపలికి లాక్కుంటుంది.

పల్నాటి పెద్దోడు: అయితే అది ఖలుడు కాదు, తేలు. తేళ్ల సంగతి మమ్మల్నడగాలి. ‘సజ్జ జొన్నకూళ్ళు సర్పంబులును తేళ్ళు’ అని శ్రీనాథుడు మా సీమ పరువు ఎప్పుడో తీశాడు.

తెనాలి మాస్టారు: తీయడా మరి? సన్నన్నం మరిగిన నాలుక. ‘కూళ్ళు, తేళ్ళు, పల్లెటూళ్ళు’ అని ఆ ళకారం పళ్ల కింద రాళ్లలా ఎలా కరకరలాడుతుందో చూడండి. ఆ చాటువు ఆయనది కాదనేవాళ్లతో నాకు పేచీయే.

పల్నాటి పెద్దోడు: తిట్టినా ఆయనదే కావాలి మాస్టారికి!

వరి మడి: సన్నన్నం అన్నారు గనక చెప్తున్నా. వరిలో ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియాకూ ఇలాంటి సూదే ఉంది. అది పంపే ప్రొటీన్ వరి కణం కేంద్రకంలోకి వెళ్లి, చక్కెరను బయటికి వదిలే జన్యువును మేల్కొలుపుతుంది. మొక్క తన చక్కెర తనే వడ్డిస్తుంది. ఆ జన్యువుకే ఉన్న ఎక్స్ఏ13 అనే రూపంలో ఆ ప్రొటీన్ వాలే చోటు మారిపోయి ఉంటుంది, అందుకని పాచిక పారదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి దాన్ని మరో రెండు జన్యువులతో పాటు బాపట్ల సాంబ మసూరిలోకి ఎక్కించారు. ఆ కొత్త వంగడం 2008లో విడుదలైంది.

కందప్రియుడు: ఇందులో విషం ఏదండీ? ఒళ్లు నీది, ఆజ్ఞ వాడిది. ఇది పద్యంలో ఖలుడి కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

ల్యాబ్‌కోడలు: పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే ఒక రకం ఇ.కోలై బాక్టీరియా ఇంకా ఘోరం. తను పట్టుకోవలసిన కొక్కేన్ని, టిర్ అనే ప్రొటీన్‌ని, సూదిలోంచి పంపి పేగు కణం పొరలో పాతిస్తుంది. తర్వాత వచ్చి దాన్నే పట్టుకు వేలాడుతుంది.

తెనాలి మాస్టారు: కలరా కూడా ఇంతేనా?

ల్యాబ్‌కోడలు: దాని టాక్సిన్‌కు సూది అక్కర్లేదండీ. బయటికి వదిలితే అదే వెళ్లి కణాన్ని పట్టుకుంటుంది. బాక్టీరియా కణాల బయట ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే చూపించారు. మరి నిలువా, ఒడలా? రేపు పంపేయాలి నేను.

కందప్రియుడు: అంతకంటే ముందు తేలాల్సింది మూడో పాదం. ‘తలతోక యనక’ అన్నప్పుడు అననిది ఎవరు, విషమా ఖలుడా?

తెనాలి మాస్టారు: విషమే. ‘ఉండును’కు కర్త అదే కదా.

పల్నాటి పెద్దోడు: మేం ఖలుడనే చదువుకున్నాం.