2004 శాంతి చర్చల మీద డిగ్రీ ప్రాజెక్ట్ చెయ్యొచ్చా? గైడ్ వద్దంటున్నారు

పల్నాడు పిల్ల:
అందరికీ నమస్తే. నేను బీఏ ఫైనల్ ఇయర్, పొలిటికల్ సైన్స్. ప్రాజెక్ట్‌కి 2004లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకీ జరిగిన చర్చలు తీసుకుందామనుకున్నా. మాది పిడుగురాళ్ల దగ్గర పల్లెటూరు, చర్చలకి వెళ్లేముందు అన్నలు నల్లమల నుంచి బయటికొచ్చి గుత్తికొండ బిలం దగ్గర మీటింగ్ పెట్టారు కదా, మా తాతయ్య ట్రాక్టర్ ఎక్కి పోయి చూసొచ్చాడంట, ఇప్పటికీ చెప్తుంటాడు. నేను పుట్టింది కూడా ఆ ఏడే. గైడ్ సారేమో పెద్ద టాపిక్, పైగా సెన్సిటివ్, లోక్ అదాలత్ మీద ఏదన్నా రాసుకోమ్మా అంటున్నారు. సోమవారం సినాప్సిస్ ఇవ్వాలి. "చర్చలు ఎందుకు ఫెయిలయ్యాయి" అని టైటిల్ పెట్టా, ఉంచాలా మార్చాలా?

కిరణ్ 93:
సార్ మాట విను తల్లీ. లోక్ అదాలత్ అయితే రెండు శనివారాలు కోర్టుకెళ్లి కూర్చుంటే డేటా వచ్చేస్తది, మార్కులు ఎక్కడైనా అవే. ఈ గొడవంతా ఎందుకు.

సునీత:
కిరణ్ గారూ, మార్కుల కోసమైతే ఇక్కడ అడిగేదే కాదు కదా. టాపిక్ ఉంచు, టైటిల్ మార్చు. ఎందుకు ఫెయిలయ్యాయో పీహెచ్‌డీలు చేసినోళ్లే ఒక పట్టాన తేల్చలేదు, నువ్వు నలభై పేజీల్లో ఏం తేలుస్తావ్. ఒక్క ముడి పట్టుకో. అక్టోబర్ 15 నుంచి 18 దాకా కూర్చున్నారు, ఇటు హోం మంత్రి జానారెడ్డి, అటు మావోయిస్టుల తరఫున రామకృష్ణ వాళ్లూ, జనశక్తి అనే ఇంకో నక్సలైట్ పార్టీ వాళ్లూ. భూమి గురించి, పౌర హక్కుల గురించి మాట్లాడుకున్నారు గానీ తుపాకులు పట్టుకుని ఊళ్లల్లో తిరగొచ్చా లేదా అన్న దగ్గర పీటముడి పడింది. 2005 జనవరిలో వాళ్లు తప్పుకున్నారు, ఆగస్టులో మళ్లీ నిషేధం. ఆ తుపాకుల మాట ఒక్కటే తీసుకుని ఆ మూడు నాలుగు నెలల పేపర్లు రెండు పక్కపక్కన పెట్టుకుని చదువు, ఒకదాంట్లో ఎదురుకాల్పులు అని ఉన్నచోట రెండోదాంట్లో ఏమని రాశారో చూడు. ఇంకోటి, అందరూ మొదటి చాప్టర్లో శాంతి మీద రాసిన గాల్టుంగ్ అనే పండితుడి నెగెటివ్ పీస్ (కొట్లాట ఆగడం), పాజిటివ్ పీస్ (దాని వెనకున్న అన్యాయం కూడా పోవడం) అని రెండు పేజీలు దించేసి తర్వాత ఆయన్ని గాలికొదిలేస్తారు. ఆ పని మాత్రం చెయ్యకు.

పాత విలేకరి:
అప్పట్లో నేను డెస్క్‌లో ఉన్నా. అమ్మాయ్, ఆ చర్చలు నాలుగు రోజుల్లో పుట్టినవి కాదు. పౌర స్పందన వేదిక అని రెండు పక్షాల మధ్య నిలబడ్డ పౌరుల బృందం ఉండేది, వాళ్లు 1997 నుంచీ అటూ ఇటూ తిరిగి, ఇద్దరి చేతా తిట్లు తిని, అక్కడిదాకా తెచ్చారు. దాన్ని నడిపించిన శంకరన్ గారు ఐఏఎస్‌గా ఉండగా 1987లో గుర్తేడు దగ్గర ఆయన్నే నక్సలైట్లు ఎత్తుకుపోయారు. అలాంటి మనిషి పదేళ్లకి మధ్యవర్తిగా నిలబడ్డాడు, నన్నడిగితే ఈ ఒక్క సంగతి మీదే ప్రాజెక్ట్ చెయ్యొచ్చు. మీ సారు భయం ఉత్త భయం కాదులే, ఊళ్లో ఎవరి పేరూ రాయకు, ఊరి పేరు కూడా వద్దు, ఫోన్లో రికార్డ్ చెయ్యకుండా నోట్‌బుక్కులో రాసుకో, ఎందుకు అడుగుతున్నావో ముందే చెప్పు. ఇంతకీ మీ తాతయ్యకి ఏం గుర్తుంది?

పల్నాడు పిల్ల:
రాత్రి కూర్చోబెట్టి అడిగానండీ. ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవంట, జనం, దుమ్ము అంతే. కానీ ఒక మాటన్నాడు, "ఆ నాలుగు నెల్లూ రాత్రిపూట కుక్కలు మొరిగినా లేచి కూర్చోలేదమ్మా" అని. అంతకుముందు కుక్క మొరిగిందంటే అన్నం కోసం అన్నలన్నా వచ్చినట్టు, వాళ్లకి అన్నం ఎవరు పెట్టారని పోలీసులన్నా వచ్చినట్టంట. ఇది ప్రాజెక్ట్‌లో పనికొస్తదా, లేక కబుర్లలా ఉంటదా?

సునీత:
పనికిరావడమేంటి, నీ ప్రాజెక్టే అది! కాల్పులు ఆగడం అంటే పేపర్లో ఒక లెక్క, మీ ఊళ్లో కుక్కల లెక్క. గాల్టుంగ్‌ని ఇక్కడికి తీసుకురా, నిద్ర పట్టింది సరే, ఆ నాలుగు నెలల్లో పొలం ఎవరికన్నా వచ్చిందా అని అడుగు. ఇంకో ఆరేడుగురు పెద్దోళ్లతో మాట్లాడు, ఆడవాళ్లని వదలకు. ఆ అర్ధరాత్రి అన్నం వండింది వాళ్లే కదా.

పల్నాడు పిల్ల:
అయ్యో అక్కా, మా నానమ్మ ఇంతసేపూ పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తా ఉంది, నేను ఆవిణ్ని ఒక్క ముక్క కూడా అడగలేదు.