కుందేలు జన్యువు పెట్టిన మొక్కలు మా పెరటి మట్టిని బాగుచేస్తాయా?

పెదగంట్యాడ కోడలు:
మా ఇంటి వెనక 4 సెంట్ల పెరడు ఉంది. మా అత్తగారు 30 ఏళ్లుగా అక్కడే గోంగూర, తోటకూర పండించి ఇంటిల్లిపాదికీ వండిపెట్టారు. రెండేళ్ల కిందట వానలకు ఎగువనున్న ఒక ఫ్యాక్టరీ కాలువ పొంగి ఆ నీళ్లు పెరట్లో నిలిచాయి. అప్పట్నుంచీ మట్టి తడిస్తే చాలు, పెయింట్ థిన్నర్ వాసన. మా చిన్నోడికి నాలుగేళ్లు, రోజంతా ఆ మట్టిలోనే ఆట. నాకు ఒకటే టెన్షన్. కుందేలు జన్యువు పెట్టిన మొక్కలు విషాన్ని విరగ్గొడతాయని చదివాను. నిజమేనా? ఎక్కడైనా దొరుకుతాయా? ఈలోగా ఆవాలు చల్లమని ఒకరన్నారు, చల్లనా?

బోటనీ మాష్టారు:
నిజమేనమ్మా. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి చెందిన షారన్ డోటీ బృందం 2007లో చేసి చూపించింది. మన కాలేయంలో విషాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. అదే ఎంజైమ్‌ను తయారుచేసే కుందేలు జన్యువును పోప్లార్ అనే చెట్టు మొక్కల్లో పెట్టారు. ల్యాబ్‌లో నీళ్లలో కలిపిన ట్రైక్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్‌ను, అంటే జిడ్డును కరిగించే ద్రవాన్ని, అవి 91 శాతం దాకా లాగేశాయి. మామూలు పోప్లార్ తీసింది 3 శాతం దాకానే. 2018లో అదే జన్యువును మన ఇళ్లలో పెంచే మనీప్లాంట్‌లో పెడితే, గాలిలోని బెంజీన్, క్లోరోఫాం తగ్గాయి.

కానీ అవి నర్సరీలో దొరికేవి కావు. మన దేశంలో జన్యువు మార్చిన పంటల్లో రైతు చేతికి వచ్చింది 2002లో అనుమతి దొరికిన బీటీ పత్తి ఒక్కటే.

ఆవాల సంగతి వేరు. ఆవ మొక్క లోహాల్లాంటివి లాగుతుందని వాటిని చల్లమంటారు. సాల్వెంట్‌ను పూర్తిగా విరగ్గొడితే అది విషంగా మిగలదు. లోహం అలా కాదు, ఏ జన్యువు పెట్టినా లోహం లోహమే. మొక్క దాన్ని మట్టిలోంచి ఆకులోకి మారుస్తుంది, అంతే. సెలీనియం లోహం కాకపోయినా, అదీ విరగని మూలకమే. కాలిఫోర్నియాలో అది పేరుకున్న నేలలో జన్యువు మార్చిన ఆవ వేస్తే, మామూలు ఆవకన్నా నాలుగు రెట్లు ఎక్కువ సెలీనియం ఆకుల్లో చేరింది. మీరు వేసిన ఆవకూరను ఎవరో ఒకరు కోసి పశువుకి పెడతారు. దయచేసి చల్లకండి.

అగనంపూడి రైతు:
అక్కా, ముందు మట్టిలో ఏముందో తెలియాలి కదా. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ లాంటివే చూస్తారు. సీసం, కాడ్మియం, సాల్వెంట్లు అందులో రావు. ప్రైవేట్ ల్యాబ్‌లో అవి చూడాలని విడిగా అడగాలి. ఇంకోటి, మామూలుగా చేసినట్టు మట్టిని నీడలో ఆరబెట్టి కవర్లో వేసి ఇవ్వకండి, సాల్వెంట్ అంతా ఆవిరైపోతుంది. ఎలాంటి సీసాలో పట్టాలో ల్యాబ్ వాళ్లనే అడిగి, మూత బిగించి అదే రోజు ఇవ్వండి. బావి ఉంటే ఆ నీళ్లు కూడా ఇవ్వండి.

పెదగంట్యాడ కోడలు:
అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం గోంగూర అంతా వేళ్లతో సహా పీకి కుప్ప పోశారు. బాబుని పెరట్లోకి పోనివ్వకుండా గడియ పెట్టాం. ఈ కుప్పని కాల్చేయమంటారా?

బోటనీ మాష్టారు:
వద్దమ్మా. లోహాలుంటే పొగలోకి, బూడిదలోకి వస్తాయి. గోనెసంచిలో కట్టి పక్కన పెట్టండి. ల్యాబ్ కాగితం వచ్చాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.